డ్రైవర్ పక్క సీటు: ర్యాలీల మీద పాఠకుల ప్రశ్నలు

కిందటి సంచికలో రోజుల తరబడి సాగే కార్ ర్యాలీల గురించి ఒక పేజీ రాస్తే ఉత్తరాలు, మెయిళ్లు బాగానే వచ్చాయి. సగం మంది అడిగింది ఒకటే, ఏ కారు తీసుకెళ్లాలని. దానికి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే అది నిజానికి చిన్న ప్రశ్న. పక్క సీట్లో నావిగేటర్‌గా, అంటే దారీ టైమూ చూసే మనిషిగా, ఎవరు కూర్చోవాలి, వాళ్ల పనేంటి, ఐదో రోజుకి కూడా మీరిద్దరూ మాట్లాడుకుంటూ ఉండాలంటే ఏం చేయాలి, ఇవీ అసలు ప్రశ్నలు. ఇవి అడిగినవాళ్లు తక్కువే అయినా వాళ్లకే ఎక్కువ చోటు ఇస్తున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న (విజయవాడ): నాకు 52 ఏళ్లు. హిమాలయాల్లో ర్యాలీ అంటే మా ఇంట్లో అందరూ భయపెడుతున్నారు. ఈ వయసులో అంత స్పీడు అవసరమా అంటున్నారు. నిజంగా అంత స్పీడుగా వెళ్లాలా?

వెళ్లక్కర్లేదు సార్, వెళ్తే ఓడిపోతారు. ర్యాలీల్లో రెండు రకాలున్నాయి. ఒకటి, రోడ్డు మూసేసి, హెల్మెట్లు పెట్టుకుని, ఒక్కో స్టేజ్‌ని, అంటే మూసేసిన రోడ్డు ముక్కని, ఎవరు తక్కువ టైములో దాటితే వాళ్లు గెలిచేది. టీవీలో మీ వాళ్లు చూసి భయపడేది అదే. రెండోది టీఎస్‌డీ, అంటే టైమ్ స్పీడ్ డిస్టెన్స్. ఇందులో రోడ్డు మామూలుగా తెరిచే ఉంటుంది, ఎదురుగా లారీలు, గొర్రెల మందలు, పెళ్లి బృందాలు అన్నీ వస్తుంటాయి. నిర్వాహకులు మీకు దారీ దూరాలూ మలుపులూ రాసిన ఒక రోడ్‌బుక్ ఇచ్చి, దారిలో ఏ ముక్కని ఎంత సగటు వేగంతో నడపాలో చెప్తారు. ఆ లెక్క ప్రకారం ఏ సెకనుకి ఏ చోట ఉండాలో ఆ సెకనుకి ఆ చోట ఉండటమే పోటీ. ఎక్కడో ఒక మలుపు దాటాక మార్షల్, అంటే పోటీ అధికారి, గడియారం పట్టుకుని కూర్చుంటాడు, ఎక్కడ కూర్చున్నాడో మీకు ముందు తెలీదు. ఆలస్యంగా వచ్చినా పెనాల్టీ, ముందొచ్చినా పెనాల్టీ, చాలా పోటీల్లో ముందొచ్చినవాళ్లకే ఎక్కువ వడ్డిస్తారు కూడా. అన్ని రోజులూ కలిపి ఎవరికి తక్కువ పెనాల్టీ పడితే వాళ్లదే కప్పు.

1999లో మొదలైన రెయిడ్ ద హిమాలయ కానీ, రాజస్థాన్ ఇసుకలో నడిచిన డెజర్ట్ స్టార్మ్ కానీ, మన దక్షిణాది దక్షిణ్ డేర్ కానీ, వీటిల్లో ఈ రెండు రకాలూ పక్కపక్కనే నడిచాయి. కాబట్టి ఎంట్రీ ఫారం నింపేటప్పుడు ఏ గడిలో టిక్కు పెడుతున్నారో చూసుకోండి చాలు. టీఎస్‌డీలో ఇచ్చే సగటు ఘాట్ రోడ్డు మీద గంటకి 30, 35 కిలోమీటర్లకి అటూ ఇటూ ఉండొచ్చు. వినడానికి తక్కువగానే ఉంటుంది. కానీ గొర్రెల మంద దగ్గర ఆగిన నిమిషాన్ని కూడా కలుపుకుని ఆ సగటు నిలబెట్టాలి. చెమట పట్టేది అక్కడే. పైగా ఇప్పుడు చాలా పోటీల్లో కారులో జీపీఎస్ ట్రాకర్ పెడతారు, పరిమితి దాటితే దానికీ పెనాల్టీయే. మీ ఇంట్లోవాళ్లకి ఈ పేజీ చూపించండి.

ప్రశ్న (కరీంనగర్, ఇంజనీరింగ్ విద్యార్థి): నావిగేటర్ లెక్కలు ఎలా వేస్తారో ఉదాహరణతో చెప్పండి. ఫోన్‌లో యాప్ ఉంటే సరిపోదా?

యాప్ ఉంటే సరిపోతుంది, ఆ పోటీ ఒప్పుకుంటే. కొన్ని విభాగాల్లో ఫోన్లు, ర్యాలీ మీటర్లు (దూరం, టైము లెక్కేసే పరికరాలు) నిషేధం. పైగా మూడో రోజు మధ్యాహ్నం ఎండకి ఫోన్ వేడెక్కి ఆగిపోయినప్పుడు చేత్తో లెక్క రాని నావిగేటర్ పక్క సీట్లో ఉత్త ప్రయాణికుడు. చేత్తోనే నేర్చుకోండి, కష్టమేం కాదు.

మొత్తం లెక్కకి మూలం ఒకటే: 3600ని సగటు వేగంతో భాగించండి, ఒక కిలోమీటరుకి ఎన్ని సెకన్లో వస్తుంది. 36 అయితే 100 సెకన్లు, 40 అయితే 90, 45 అయితే 80, 30 అయితే 120. ఇంట్లో కూర్చుని 20 నుంచి 60 దాకా ప్రతి వేగానికీ ఇది రాసి పెట్టుకోండి, దీన్నే స్పీడ్ చార్ట్ అంటారు. ఇప్పుడు మీ సెక్షన్ (పోటీ దారిలో ఒక భాగం) 9 గంటల 14 నిమిషాలకి 40 సగటుతో మొదలైందనుకోండి. రోడ్‌బుక్‌లో 6.40 కిలోమీటర్ల దగ్గర ఒక ఎడమ మలుపు ఉంది. 6.4 ఇంటూ 90 అంటే 576 సెకన్లు, అంటే 9 నిమిషాల 36 సెకన్లు, కాబట్టి ఆ మలుపు దగ్గర గడియారం 9:23:36 చూపించాలి. మీది 9:23:20 చూపిస్తోందా, 16 సెకన్లు ముందున్నారు, డ్రైవర్‌కి చెప్పండి. ఆ మలుపు నుంచే సగటు 30కి మారింది, తర్వాతి గుర్తు 9.90 దగ్గర. మధ్యలో 3.5 కిలోమీటర్లు, 120 చొప్పున 420 సెకన్లు, అంటే సరిగ్గా 7 నిమిషాలు. గడియారం 9:30:36. ఇలా ప్రతి గుర్తుకీ టైము ముందే రోడ్‌బుక్ అంచున పెన్సిల్‌తో రాసేయాలి. రోడ్‌బుక్ కొన్నిచోట్ల ముందు రాత్రి ఇస్తారు, కొన్నిచోట్ల స్టార్ట్‌కి కాసేపటి ముందు ఇస్తారు. రెండో రకంలో మొదటి పది గుర్తులు రాసి, మిగతావి కదిలే కారులో రాయాల్సిందే.

లెక్క తేలికే, చిక్కంతా మీటర్‌తో. రోడ్‌బుక్ రాసిన కారు మీటరూ మీ మీటరూ ఒకలా చూపించవు. అందుకే మొదట్లో ఒక కొలత ముక్క ఇస్తారు. రోడ్‌బుక్ 8.00 అన్నచోట మీది 8.16 చూపిస్తే మీది నూటికి రెండు ఎక్కువ చూపిస్తోందన్నమాట, కాబట్టి రోడ్‌బుక్‌లో 6.40 అంటే మీకు 6.53. ఈ రెండు శాతమే కదా అని వదిలేస్తే 100 కిలోమీటర్ల సెక్షన్ చివరికి 2 కిలోమీటర్ల తేడా, 40 సగటు మీద 3 నిమిషాలు. కప్పులు సెకన్ల మీద పోతాయి, మీరు నిమిషాలు పారేసుకున్నట్టు. టైరులో గాలి తగ్గించినా, టైరు మార్చినా ఈ తేడా మారుతుంది, రోజూ పొద్దున్నే మళ్లీ చూసుకోవాలి.

దారి తప్పితే చాలామంది వెనక్కి వచ్చి అలాగే ముందుకు పోతారు, మీటర్‌లో తిరిగిన దూరం తీసేయడం మర్చిపోతారు. 1.2 కిలోమీటర్లు తప్పుదారిలో పోయి వెనక్కొస్తే మీ మీటర్‌లో 2.4 అదనం. తప్పిన చోట మీటర్ ఎంత ఉందో తెలుసుకోవాలంటే దాటిన ప్రతి గుర్తు దగ్గరా రీడింగ్ రాసే అలవాటు ఉండాలి. రోడ్‌బుక్‌లో ఒక్కో కూడలికీ వేసే చిన్న బొమ్మని టులిప్ అంటారు, నెదర్లాండ్స్‌లో జరిగే టులిప్ ర్యాలీ వల్ల వచ్చిన పేరు. గుండ్రటి చుక్క మీరు వస్తున్న వైపు, బాణం మీరు పోవాల్సిన వైపు. చుక్కని ఎప్పుడూ కడుపు వైపు పెట్టుకుని చూడండి, సగం తప్పులు తగ్గిపోతాయి.

ప్రాక్టీసుకి మీ ఊరి చుట్టూ ఉన్న పల్లె రోడ్లు చాలు. ఎవరో ఒక స్నేహితుణ్ణి బతిమాలి ఒక 60 కిలోమీటర్ల రోడ్‌బుక్ రాయించుకోండి, ఆ దారి మీకు ముందు తెలియకూడదు. ఘాట్ కావాలంటే అనంతగిరి మీదుగా అరకు దారి, మారేడుమిల్లి ఉన్నాయి. నల్లమలలో శ్రీశైలం రోడ్డు కూడా బాగుంటుంది కానీ అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూసేస్తారు, నైట్ ప్రాక్టీసు అక్కడ కుదరదు.

ప్రశ్న (భీమవరం): నేనూ మా బావగారూ కలిసి వెళ్దామనుకుంటున్నాం. ఆయన డ్రైవింగ్, నేను మ్యాపు. ఇద్దరికీ కార్లంటే ప్రాణం. కానీ హైదరాబాద్ వెళ్లొచ్చేలోపే రెండుసార్లు మాటలు మానేస్తాం. కుదురుతుందా?

ఇన్ని ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే తమ్ముడూ, ఎందుకంటే ర్యాలీలో జట్లు విడిపోయే కారణం మీరు ముందే కనిపెట్టేశారు. గేర్‌బాక్స్ పోయి ఇంటికొచ్చిన జట్ల కంటే మాట పోయి ఓడిన జట్లే ఎక్కువని నా నమ్మకం.

బావ అంటే మర్యాద ఇవ్వాలి కదా. ఆయన తప్పు మలుపు తీసుకుంటుంటే మీరు "బావగారూ... అటు కాదేమో..." అని నసుగుతారు. ఆ నసుగుడు రెండు సెకన్లు. 40 వేగంలో రెండు సెకన్లంటే 22 మీటర్లు, మలుపు వెనకబడిపోయింది. ఆయన బ్రేకు వేసి "ముందు చెప్పొచ్చు కదా" అంటాడు. ఆ మాట మీరు అక్కతో చెప్తారు. అక్కడి నుంచి అది ర్యాలీ కాదు, సంక్రాంతి దాకా సాగే పంచాయితీ.

కాబట్టి బయల్దేరేముందే ఇద్దరూ కూర్చుని, ఇంట్లో ఆడవాళ్లని సాక్షిగా పెట్టుకుని మరీ, ఒక ఒప్పందం చేసుకోండి. కారు కదిలాక దారీ టైమూ మీ మాటే. బావగారికి ఎంత తెలిసినా, ఆ రోడ్డు మీద ఆయన ఇరవై సార్లు తిరిగినా సరే, మీరు కుడి అంటే కుడే. రోడ్డు మీద ప్రమాదం సంగతి ఆయన మాట, ఆయన "ఇక్కడ ఇంత స్పీడు వద్దు" అంటే మీరు టైము లెక్క చెప్పి ఒత్తిడి పెట్టకూడదు. రెండు రాజ్యాలు, ఒకరి రాజ్యంలోకి ఒకరు రాకూడదు.

తర్వాత మాటలు. తక్కువ మాటలు, ఎప్పుడూ అవే మాటలు. ముందు దూరం, తర్వాత దిక్కు, తర్వాత గుర్తు: "రెండొందల మీటర్లు, ఎడమ, గుడి దాటాక." బావగారు "ఎడమ" అని తిరిగి చెప్పాలి, అప్పటిదాకా మీరు చెప్పినట్టు కాదు. టైముకి కూడా "ఆరు ముందు", "నాలుగు వెనక", అంతే. "కొంచెం లేటయినట్టున్నాం" లాంటివి నిషేధించండి. ఇంకో చిన్న విషయం: సరే అనడానికి మనవాళ్లకి "రైట్ రైట్" అనే అలవాటు ఉంది, బస్సు కండక్టర్ల పుణ్యమా అని. కారులో ఆ మాట పూర్తిగా మానేయాలి. మలుపు ముందు "రైట్" అంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మాట వినపడని పరిస్థితిలో కూడా జట్టు ఎలా పనిచేస్తుందో చూడాలంటే 1955లో ఇటలీలో జరిగిన మిల్లె మిలియా చూడాలి. అది ర్యాలీ కాదు, మామూలు రోడ్ల మీద దాదాపు 1,600 కిలోమీటర్ల రేసు, కానీ మనకి పనికొస్తుంది. స్టిర్లింగ్ మాస్ నడిపాడు, పక్కన డెనిస్ జెంకిన్‌సన్ అనే విలేకరి. దారి మొత్తం ముందే తిరిగి చూసి, ప్రమాదకరమైన మలుపులన్నీ 18 అడుగుల పొడవున్న కాగితపు చుట్ట మీద రాసుకుని, దాన్ని ఒక అల్యూమినియం డబ్బాలో పెట్టి తిప్పుకుంటూ చదివాడు జెంకిన్‌సన్. పైకప్పు లేని కారు, ఇంజిన్ హోరు, మాటలు కుదరవని చేతి సైగలు ముందే అనుకున్నారు. ఎదర ఏముందో కనపడని ఎత్తుల మీద కూడా జెంకిన్‌సన్ చెయ్యి చూసి మాస్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయలేదు. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించి గెలిచారు. ఆ నమ్మకం రేసు రోజు పుట్టింది కాదు, వారాల తరబడి కలిసి అదే రోడ్ల మీద తిరిగితే వచ్చింది. మీరూ బావగారూ ముందు ఒక నాలుగైదు ఆదివారాలు కలిసి తిరగండి.

ఒక్క నియమం మాత్రం మర్చిపోవద్దు. ఆ రోజు తప్పుల గురించి ఆ రోజు చివరి కంట్రోల్, అంటే టైము రాసుకునే చోటు, దాటేదాకా మాట్లాడుకోకూడదు. తప్పు మలుపు వల్ల 40 సెకన్లు పోయాయి, దాని గురించి వాదించుకుంటూ తర్వాతి మలుపూ పోగొట్టుకున్న జట్లని చాలా చూశాను. రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు మాట్లాడుకోండి, రోడ్‌బుక్ ముందు పెట్టుకుని. ఆ తర్వాత నిద్ర. రెండు రోజులు నిద్ర సరిగా లేనివాడికి ఎవరు ఏమన్నా తిట్టినట్టే వినిపిస్తుంది.

ప్రశ్న (హైదరాబాద్): మా ఆయనకంటే నేనే బాగా నడుపుతాను. కానీ జట్టుగా వెళ్దామనగానే అందరూ నన్ను నావిగేటర్ అని రాసేస్తున్నారు. ఆయన కూడా! ఏం చేయమంటారు?

ఆయన కూడికలు ఎలా చేస్తారో ముందు చూడండమ్మా. వేళాకోళం కాదు, సీటు ఎవరిదనేది తేలాల్సింది అక్కడే. రెండు ఆదివారాలు ఒకే దారిలో సీట్లు మార్చుకుని నడపండి, పెనాల్టీ సెకన్లు కాగితం మీద రాయండి, తక్కువ ఎప్పుడు వచ్చిందో అదే మీ జట్టు. కాగితంతో ఎవరూ వాదించరు. మిషెల్ ముటాన్ 1981లో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీ గెలిచినప్పుడు స్టీరింగూ మహిళదే, పక్క సీటులో నోట్స్ చదివిన ఫాబ్రిజియా పోన్స్ కూడా మహిళే. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఒక రౌండ్ గెలిచిన మొదటి మహిళ ముటాన్, మరుసటి ఏడాది మొత్తం చాంపియన్‌షిప్‌లో రెండో స్థానం. అయితే ఒకటి, మీరు నావిగేటర్ సీటుని తక్కువగా చూస్తున్నట్టు మీ ఉత్తరంలో కొంచెం వాసన కొడుతోంది. టీఎస్‌డీలో అసలు పోటీ ఆ సీటుదే. స్టీరింగ్ మీకు రావాలి, అది న్యాయం, కానీ ఆయనకి ఇచ్చేది చిన్న సీటని అనుకోకండి, ఆయన్నీ అనుకోనివ్వకండి.

ప్రశ్న (తిరుపతి): కదిలే కారులో చదివితే నాకు కడుపులో తిప్పుతుంది. నావిగేటర్‌గా పనికొస్తానా?

చాలామందికి తిప్పుతుంది, కొందరికి అలవాటవుతుంది, కొందరికి కాదు. రోడ్‌బుక్‌ని ఒళ్లో పెట్టుకోకుండా ఛాతీ ఎత్తులో పట్టుకుని, ఒక గుర్తు చదవగానే కళ్లెత్తి దూరంగా రోడ్డు చూడండి. పొద్దున ఇడ్లీ చాలు, నూనె ఓడే పూరీ వద్దు, అలాగని ఖాళీ కడుపుతో అసలే వద్దు. అద్దం కాస్త దించి ఉంచండి. వాంతుల మాత్రలు కొన్ని మత్తు తెస్తాయి, మత్తులో లెక్కలు రావు, కాబట్టి డాక్టర్ని అడిగి ముందు ఇంటి దగ్గర వేసుకుని చూడండి. నెల రోజుల ప్రాక్టీసు తర్వాత కూడా తగ్గకపోతే డ్రైవర్ సీటు మీది.

ప్రశ్న (ఖమ్మం): లడఖ్ వైపు ర్యాలీకి వెళ్తే మా లాంటి మైదానం వాళ్లకి ఊపిరి, పెట్రోలు సంగతేంటి?

రెండూ ముఖ్యమే, రెండింట్లో ఊపిరి ఎక్కువ ముఖ్యం. మనాలీ 2,000 మీటర్ల పైన, లేహ్ 3,500 దగ్గర, మధ్యలో తంగ్‌లంగ్ లా కనుమ 5,328 మీటర్లు. 5,000 దాటాక గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగం. ఖమ్మంలో రైలెక్కి, ఢిల్లీలో కారెక్కి, మర్నాడు ఆ ఎత్తుకి పోతే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం దాదాపు ఖాయం. రెండు మూడు రోజులు ముందే వెళ్లి మనాలీలో ఉండండి, నెమ్మదిగా ఎక్కండి, నీళ్లు తాగండి, మందు ముట్టొద్దు. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర డాక్టర్ చెప్తేనే వేసుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. నడక తూలుతున్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా పోటీ వదిలేసి వెంటనే కిందికి దిగాలి, దీనికి రెండో ఆలోచన లేదు.

ఎవరూ పెద్దగా చెప్పని సంగతి ఇంకోటుంది. ఆ ఎత్తులో మెదడు కూడా నెమ్మదిస్తుంది. కింద నోటితో చేసే కూడిక పైన తప్పుతుంది, తప్పిందని కూడా తెలీదు. అందుకే కనుమల మీదుగా పోయే రోజున నావిగేటర్ ప్రతి టైమునీ పైకి చదవాలి, డ్రైవర్ వినాలి, "ఇందాక 23 అన్నావు, ఇప్పుడు 21 అంటున్నావు" అని పట్టుకోవాలి. ఆ రోజుల్లో మాత్రం రెండు రాజ్యాల సరిహద్దు కొంచెం చెరిపేయొచ్చు.

టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి వెయ్యి మీటర్లకీ దాదాపు పదో వంతు శక్తి పోతుంది, టర్బో ఉన్నదానికి తక్కువ. తక్కువ గేర్లలో లాగాల్సి వస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మనాలీ నుంచి లేహ్ వెళ్లే దారిలో తాండి పంపు దగ్గర తర్వాతి పంపు 365 కిలోమీటర్ల దూరమని రాసిన బోర్డు చాలా ఏళ్లుగా ప్రసిద్ధి. ఆ బోర్డుని వేళాకోళంగా తీసుకుని ఫొటో దిగి వెళ్లిపోవద్దు, ట్యాంకు నింపండి, అదనంగా ఒక మంచి జెర్రీ క్యాన్ గట్టిగా కట్టి పెట్టండి.

ప్రశ్న (నెల్లూరు): నా సొంత కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. ర్యాలీలో ఏదైనా అయితే వస్తుంది కదా?

పాలసీ కాగితం తీసి వాడుక పరిమితులు అనే చోట చదవండి. మన దేశంలో మామూలు ప్రైవేటు కారు పాలసీలో రేసులకీ, స్పీడు పరీక్షలకీ, రిలయబిలిటీ ట్రయల్స్‌కీ వాడితే వర్తించదని సాధారణంగా రాసి ఉంటుంది. "మాది రేసు కాదు, టీఎస్‌డీ" అని మీరు వాదించొచ్చు, కానీ ఆ వాదన లోయలో పడిన కారు పక్కన నిలబడి చేసేది కాదు. ర్యాలీల కోసం విడిగా అదనపు ఎండార్స్‌మెంట్ ఉంటుంది, ప్రీమియం కట్టి పోటీ రోజులకి రాయించుకోవాలి. ఏజెంటు ఫోన్‌లో "ఏం కాదు సార్" అంటే నమ్మొద్దు, కాగితం మీద తీసుకోండి. ఎఫ్‌ఎంఎస్‌సీఐ, అంటే మన దేశంలో మోటార్ క్రీడల్ని చూసే సమాఖ్య, దాని అనుమతి ఉన్న పోటీయేనా అన్నది కూడా చూసుకోండి. లైసెన్సు, డాక్టరు, అంబులెన్సు లాంటివన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

ప్రశ్న (కర్నూలు): మేం నలుగురు స్నేహితులం, రెండు కార్లు, ఒకే టీమ్. రాజస్థాన్‌లో వాళ్ల కారు ఇసుకలో దిగబడితే మేం ఆగాలా, వెళ్లిపోవాలా?

మనుషులకి ఏమైనా అయితే ఆగాలి. స్నేహితులే కానక్కర్లేదు, ఎవరైనా సరే. స్టేజ్ ర్యాలీల్లో దీనికి బోర్డులే ఉంటాయి, ఎస్‌ఓఎస్ చూపిస్తే వెనక వచ్చేవాళ్లు ఆగి తీరాలి. అలా ఆగిన టైముని తర్వాత అధికారులు లెక్కలోకి తీసుకుంటారు.

1968 లండన్-సిడ్నీ మారథాన్‌లో జరిగింది చూడండి. నవంబరు 24న లండన్‌లో 98 కార్లు బయల్దేరి, యూరప్, టర్కీ, ఇరాన్, అఫ్గానిస్తాన్ దాటి, ఢిల్లీ మీదుగా బొంబాయి వచ్చాయి. అక్కడ 72 కార్లు ఓడెక్కాయి, ఆస్ట్రేలియా పడమటి తీరంలో దిగి మళ్లీ నడిచాయి, సిడ్నీ చేరినవి 56. చివరి గంటల్లో అందరికంటే ముందున్నది బెల్జియం వాడు లూసియన్ బియాంకి, అతని ఫ్రెంచి భాగస్వామి జాన్-క్లోద్ ఓజియేల సిట్రోయెన్ కారు. నౌరా దగ్గర ఎదురుగా వచ్చిన మామూలు కారు ఢీకొట్టడంతో వాళ్ల ర్యాలీ అక్కడే ముగిసింది, బియాంకికి గట్టి గాయాలు. వెనకే వచ్చిన ప్యాడీ హాప్‌కిర్క్ జట్టు కారు ఆపి సాయం చేసింది. గెలిచింది ఆండ్రూ కోవన్ జట్టు, హిల్‌మన్ హంటర్ అనే మామూలు ఫ్యామిలీ కారులో. హాప్‌కిర్క్ వాళ్లకి రెండో స్థానం. ఇప్పటికీ ఆ ర్యాలీ గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ ఆగడం గురించి చెప్పుకుంటారు.

ఇక ఉత్త ఇసుకలో దిగబడటం వేరే సంగతి. అందరూ క్షేమంగా ఉండి, పార చేతిలో ఉంటే, వెళ్లిపోండి. టీమ్ బహుమతి రెండు కార్ల పెనాల్టీ కలిపి ఇచ్చేదైతే రెండు కార్లూ మునిగిపోవడం వల్ల లాభం లేదు. ఈ సంగతి రాత్రి భోజనం దగ్గర ముందే మాట్లాడుకోండి, లేకపోతే అద్దంలోంచి మీరు వెళ్లిపోవడం చూసినవాడు జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు. దిగబడకుండా ఉండాలంటే మెత్తటి ఇసుక మొదలయ్యేముందే టైర్లలో గాలి సగానికి దగ్గరగా దించాలి, గట్టి రోడ్డు రాగానే మళ్లీ కొట్టాలి, కారులో చిన్న కంప్రెసర్ తప్పనిసరి. దిగబడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే చక్రం సమాధి తవ్వుకుంటుంది. ఆపి, దిగి, చక్రాల ముందు ఇసుక తోడండి.

ప్రశ్న (చాలా ఊళ్ల నుంచి): ఏ కారు తీసుకెళ్లాలి?

మీ దగ్గరున్నది. బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు కొత్తగా, ఇంజిన్‌కి రాళ్లు తగలకుండా కింద ఒక స్కిడ్ ప్లేటు, కుదిరితే రెండు స్పేర్ టైర్లు, లాగడానికి తాడు. కెన్యాలో పుట్టిన పంజాబీ జోగిందర్ సింగ్ 1965లో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచింది అంతకుముందే ర్యాలీలో వాడేసిన వోల్వోతో, పక్క సీట్లో సోదరుడు జస్వంత్. తర్వాత 1974లో, 1976లో కూడా ఆయనే గెలిచాడు. సన్‌రూఫ్ ఉండాలా అని అడిగిన వరంగల్ పాఠకుడికి: అక్కర్లేదు, దుమ్ము వస్తుంది.

ప్రశ్న (డాలస్): నేనిక్కడ, నా స్నేహితుడు షికాగోలో. ఇద్దరం తెలుగువాళ్లమే, ఇద్దరికీ ఇండియాలో టీఎస్‌డీ చూసిన అనుభవం ఉంది. అమెరికాలో రోజుల తరబడి జరిగేవి ఉన్నాయా? మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలా?

ఉన్నాయి. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) క్లబ్బులు రోడ్‌ర్యాలీ పేరుతో ఒక రోజు, రెండు రోజుల పోటీలు పెడుతుంటాయి, ముందు వాటితో మొదలుపెట్టండి. పెద్దది కావాలంటే ఆల్కాన్ 5000, వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలై కెనడా మీదుగా అలాస్కా దాకా పోయే టీఎస్‌డీ, 1984 నుంచి ఉంది. చలికాలంలో జరిగే ఏడాది మంచు మీద నడపాలి, డాలస్‌లో ఉంటూ దానికి ప్రాక్టీసు ఎలా చేస్తారో మీరే ఆలోచించుకోండి. షికాగో స్నేహితుడు ఇక్కడ పనికొస్తాడు, జనవరిలో ఒక వారం వాళ్లింటికి వెళ్లండి, ఒకే కారులో తిరగండి. వీడియో కాల్‌లో కలిసి ప్రాక్టీసు చేశామని చెప్పే జట్లని నేను నమ్మను. లెక్కల సంగతికొస్తే మీ పాత స్పీడ్ చార్టు పారేయక్కర్లేదు. గంటకి 40 మైళ్లు అంటే మైలుకి 90 సెకన్లే, అంకెలన్నీ అవే ఉంటాయి. మీటర్ మాత్రం మైలులో నూరో వంతు చూపించేది పెట్టుకోండి, కారు డ్యాష్‌బోర్డు మీద వచ్చేది పదో వంతు దగ్గరే ఆగిపోతుంది.